పెద్ద మైకు కాదు, తగిన మైకు కావాలి

కర్మన్‌ఘాట్: ఇక్కడి ధ్యానాంజనేయ స్వామి ఆలయాన్ని 1143లో కాకతీయ ప్రోలరాజు కట్టించాడని చెబుతారు. గుడిని కూల్చ వచ్చిన ఔరంగజేబును హెచ్చరించిన గంభీర స్వరమే ఈ ఊరికి పేరు తెచ్చిందని స్థలపురాణం. స్వరం వల్ల పేరొచ్చిన చోటికి భజనకు వచ్చే మండళ్లు మైకు విషయంలో ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఊరూరా జరిగేది ఒకటే. చందాలు పోగుచేసి ఖరీదైన మైకు ఒకటి కొంటారు. దాన్ని గాయకుని ముందు పెడతారు. పక్కనున్న తాళాలు ఖంగుమంటాయి. హార్మోనియం వినబడదు. నలభై ఏళ్లుగా వాయిస్తున్న పెద్దమనిషి చెయ్యి ఆడుతున్నట్లు కనిపిస్తుందే గాని స్వరం జనానికి చేరదు.

కండెన్సర్ మైకు సన్నని ధ్వనిని కూడా పట్టుకుంటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డింగుకు అది మేలు. కాని సాధారణంగా దానికి మిక్సరు నుంచి 48 వోల్టుల విద్యుత్తు అందాలి. పైగా గుడి మండపంలో పక్క వాయిద్యాలను, జనం గోలను కూడా లాగేస్తుంది. భజనకు డైనమిక్ మైకే తగినది. దానికి వేరే విద్యుత్తు అక్కరలేదు, మోటు వాడకాన్ని తట్టుకుంటుంది.

ఒక పెద్ద మైకు డబ్బుతో మామూలువి మూడు కొనవచ్చు. గాయకునికి ఒకటి, హార్మోనియానికి ఒకటి, డోలక్‌కు ఒకటి. హార్మోనియం మైకును తిత్తుల గాలి తగలకుండా పైనుంచి జానెడు దూరంలో ఉంచాలి. డోలక్‌కు రెండు మూతులూ వినబడేలా ఎదురుగా అడుగు దూరంలో పెట్టాలి. తాళాలకు మైకే వద్దు. గాయకునికి జానెడు దూరంలో మైకు ఉంటే, పక్క మైకు దానికి మూడు జానల అవతల ఉండాలి.

స్పీకరు ధ్వని తిరిగి మైకులో పడితేనే కూత పుడుతుంది. కనుక స్పీకర్లు మైకులకు ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. మైకు తలను గుప్పిట పట్టినా కూత పెరుగుతుంది. శబ్దం పెంచడం దీనికి మందు కాదు. ప్రభుత్వం పండుగలకు సడలిస్తే తప్ప రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు కూడవని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

చిన్న మండళ్లకు మూడు మైకులు కూడా భారమే. ఆలయ కమిటీలు మూడు నాలుగు మైకులు, స్టాండ్లు కొని ఉంచి, వచ్చిన మండలికల్లా ఇవ్వడం మంచిది. హుండీ డబ్బుకు అంతకంటె సద్వినియోగం ఏముంటుంది?