కథ కంటే ముందు ఇంటిపేరు అడిగే గదికి ఎలా వెళ్లాలి?

గురువారం మా తమ్ముడికి హైదరాబాద్‌లో ఒక నిర్మాతతో మొదటి మీటింగ్. పదిహేను నిమిషాలు టైం ఇస్తామన్నారట. భిలాయ్ ఖుర్సీపార్‌లోని మా రెండు గదుల ఇంట్లో వారం రోజులుగా ఇదే పని. వాడు కథ చెప్తాడు, నేను నిర్మాతలా కూర్చుని మధ్యమధ్యలో ఫోన్ చూసుకుంటాను. తెలుగు సినిమాలో కులం మీద పీహెచ్‌డీ చేస్తున్న అక్క ఇంట్లో ఉన్నందుకు ఆ మాత్రం ఉపయోగం ఉండాలి కదా.

యూట్యూబ్‌లో దొరికే సలహాలన్నీ వాడు చూసేశాడు. వన్ లైన్ ముప్పై సెకన్లలో చెప్పు. ఇంటర్వెల్ బ్యాంగ్ దాచకు. ఆ నిర్మాత తీసిన సినిమాలన్నీ చూసి వెళ్లు. ఇవి తప్పని నేననను. కానీ ఆ గదిలో పడే మొదటి ప్రశ్నకు ఈ గురువులెవరూ ఎవరినీ సిద్ధం చేయరు. వాళ్లకా ప్రశ్న ఎప్పుడూ పరీక్షగా ఎదురై ఉండదు.

నాకు ఎదురైంది. కొన్నేళ్ల కిందట ఒక స్నేహితురాలితో కలిసి రాసుకున్న కథ పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. ‘ఏ ఊరమ్మా మీది?’ భిలాయ్ అన్నాను. ఆయనకు చిక్కొచ్చి పడింది. భిలాయ్ అంటే కులం తెలియదు. ‘అది సరే, అసలు ఊరు?’ శ్రీకాకుళం దగ్గర. ‘అక్కడ ఎవరి తాలూకు? ఇంటిపేరు?’ చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆ తర్వాత మా కథ గురించి ఒక్క మాట లేదు. వాళ్ల తాతగారు హరిజనులకు బావి తవ్వించిన కథ మాత్రం విన్నాం, ఇంటర్వెల్ లేకుండా.

మా తాత ఆ ‘అసలు ఊరు’ వదిలి వచ్చిందే ఈ ప్రశ్న పడలేక. 1955లో సోవియట్ ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. ఇక్కడ మనిషికి సెక్టార్ నంబరు, క్వార్టర్ నంబరు ఉంటాయి గానీ మాలపేట ఉండదని ఎవరో చెబితే నమ్మి రైలెక్కాడు. క్వార్టర్ దొరకలేదనుకోండి. పర్మనెంట్, కాంట్రాక్టు అనే గీత ఇక్కడ అప్పటికే సిద్ధంగా ఉంది. ఆ గీతకు ఏ పక్కన ఎవరు మిగిలారో ఖుర్సీపార్ వచ్చి చూడొచ్చు.

తమ్ముడి కథ ఆ గీత మీదే. 1991 సెప్టెంబర్ 28న శంకర్ గుహా నియోగిని ఇదే ఊళ్లో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషన్లో పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. వాడి సినిమాలో హీరో ఒక తెలుగు మాల కుర్రాడు, వాడి నాన్న ఆ పట్టాల మీద ఉన్నాడు. నిర్మాత ఏమంటాడో నేను ఇప్పుడే చెప్పగలను: ‘యూనియన్ బాగుంది, ఫైర్ ఉంది. కులం ఎందుకు? యూనివర్సల్ చేద్దాం.’

యూనివర్సల్ అంటే ఏమిటో 2018లో చూశాం. నాగరాజ్ మంజులే 2016లో తీసిన ‘సైరాట్’లో ప్రతి ఫ్రేములో ఉన్న కులం, ‘ధడక్’ అయ్యేసరికి పలచబడి పారిపోయింది. అదే 2018లో పా.రంజిత్ నీలం ప్రొడక్షన్స్ నుంచి ‘పరియేరుమ్ పెరుమాళ్’ వచ్చింది. బల్లకు అటువైపు ఎవరు కూర్చున్నారన్నదే తేడా. మనకేమో 1938లోనే ‘మాలపిల్ల’ ఉందని చెప్పుకుంటారు. ఉంది. కథ చలంది, దర్శకత్వం గూడవల్లి రామబ్రహ్మంది, డబ్బు వెనక చల్లపల్లి జమీందారు. పిల్ల మాత్రం మనది.

ఇక నేరేషన్ అనే తంతు. మన పరిశ్రమ స్క్రిప్టు చదవదు, వింటుంది. సోఫాలో కూర్చుని గలగలా మాట్లాడటం చిన్నప్పటినుంచి అలవాటైనవాళ్లకు అది టాలెంట్‌గా లెక్క. ఈ విషయంలో తమ్ముడికి భయం లేదు, ఉండక్కర్లేదు కూడా. భిలాయ్ పక్కన గనియారీలో పుట్టిన తీజన్ బాయి, ఆడవాళ్లు కూర్చునే పాడాలన్న చోట లేచి నిలబడి పాండవానీ చెప్పింది. కులంవాళ్లు వెలివేసినా ఆపలేదు. మా ఊరికి నేరేషన్ ఒకరు నేర్పనక్కర్లేదు.

నా భయమల్లా నోటిమాటకు రసీదు ఉండదనే. ఐడియాకు కాపీరైట్ లేదని, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో తేల్చింది. అంటే నువ్వు చెప్పొచ్చిన కథ గాల్లో ఉన్నట్టే. అందుకే పూర్తి స్క్రిప్టు ముందే రైటర్స్ అసోసియేషన్లో రిజిస్టర్ చేయించాం. మీటింగ్ అయిన సాయంత్రమే ‘ఈరోజు ఫలానా కథ చెప్పాను’ అని మెయిల్ పెట్టమన్నాను. హక్కులు రాసివ్వాలంటే కాగితం మీదే జరగాలి, చట్టం అదే చెబుతోంది. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లని లెక్క. 2012 సవరణ తర్వాత థియేటర్ బయట వచ్చే రాయల్టీలో రచయిత వాటాను వదులుకుంటానని నువ్వే సంతకం పెట్టినా చెల్లదు. అడ్వాన్స్ కవరు చూడగానే ఇవన్నీ మరిచిపోతారు మనవాళ్లు. ఆకలి అలాంటిది, తప్పు పట్టను.

‘కాగితాలడిగితే ఛాన్స్ ఇస్తారా అక్కా?’ అన్నాడు.

ఇవ్వకపోవచ్చు. అడగనివాళ్ల పేర్లు తెర మీద పడ్డాయా మరి? ఘోస్టులుగా బతుకుతున్న మన పిల్లలు కృష్ణానగర్‌లో ఎంతమంది లేరు?

ఒక్క విషయంలో ఇంకా తేలలేదు. ఇంటిపేరు వాళ్లు తవ్వి తీసేదాకా ఆగకుండా మొదటి నిమిషంలో నువ్వే చెప్పేయమని నా వాదన. వాడు కథ అయ్యాక చెప్తానంటాడు. ‘నీకైతే థీసిస్ ఉంది, నాకు ఈ ఒక్క మీటింగే ఉంది’ అన్నాడు నిన్న రాత్రి. నా దగ్గర జవాబు లేదు. ఇంకొకరి అవకాశం మీద మనం చేసే ధైర్యం చాలా చవక.

రేపు దుర్గ్‌లో రైలు. కవర్ పేజీ మాత్రం వాడే టైప్ చేసుకున్నాడు, ఇంటిపేరు పూర్తిగా, పొడి అక్షరం లేకుండా. అమ్మ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నేను మళ్లీ కుర్చీ లాక్కుని, ఫోన్ చేతిలోకి తీసుకుని అడగాలి: ‘ఏ ఊరు బాబూ మీది?’