పిక్సెలనఁగా నేమి?

"మా యింటి ఫోను 48 మెగాపిక్సెళ్లు, మీ యింటిది 12 మాత్రమే" యని బాలురు వాదించుకొనుట మేము తఱచుగా వినుచున్నాము. సంఖ్య పెద్దదైనచోఁ బటము మేలైనదని తలిదండ్రులును నమ్మి యధిక ధనము వెచ్చించుచున్నారు. ఇది తగదని మా యభిప్రాయము.

పిక్సెలనఁగాఁ గంప్యూటరు చిత్రములోని మిక్కిలి చిన్న భాగము. ఒక్కొక్క పిక్సెలునకు నొక్క రంగే యుండును. పోచంపల్లి చీరలోని పువ్వు దగ్గఱఁ జూచినచో రంగుపోఁగుల కూడికయే గదా! చిత్రమును నట్టిదే. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అను నతఁడు తన పసికుమారుని ఫొటోను కంప్యూటరులోని కెక్కించెను. అందు అడ్డముగా 176, నిలువుగా 176, వెరసి 30,976 పిక్సెళ్లే యుండెను. పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెలు.

విద్యార్థులారా, లెక్క కట్టి చూడుఁడు. 6 అంగుళముల పొడవు, 4 అంగుళముల వెడల్పుగల పటమును అంగుళమునకు 300 పిక్సెళ్ల చొప్పున అచ్చువేయుటకు 1800 × 1200, అనఁగా 21,60,000 పిక్సెళ్లు చాలును. 12 మెగాపిక్సెళ్ల ఫోనులో నంతకు నైదురెట్లకుఁ బైఁగా నున్నవి. ఇఁక పటము మేలు వెలుతురును, కటకమును, వెలుతురు గ్రహించు పలక వైశాల్యమును, చేతి నిలుకడను బట్టి యుండును.

అట్లని పిక్సెళ్లను జులుకన చేయరాదు. నిరుడు మా విద్యార్థి యొకఁడు కీర్తిశేషురాలైన తన యవ్వ పటమును పెద్దదిగా అచ్చువేయింపఁ దలఁచెను. పటము తీసిన ఫోను నదివఱకే యమ్మివేసిరి. బంధువుల ఫోనులలోఁ జేతులు మాఱి చిక్కిపోయిన ప్రతి యొక్కటి మాత్రము మిగిలెను. పెంచి చూడఁగా అవ్వ ముఖము చదరపు గళ్లుగా మాఱెను. బాలుఁడు మాటలేక నిలిచెను. గళ్లు పెద్దవగునే కాని పోయిన ముడుతలును, చూపును మరలి రావు. నేఁటి యంత్రములు కొఱఁతను బూరింపఁగలవు. కాని యది యంత్రపు టూహయే గాని అవ్వ ముఖము గాదు.

కావునఁ దలిదండ్రులకు మా మనవి యిది: ఫోను కొనునపుడు సంఖ్యను జూడక, దీపపు వెలుతురున నది తీసిన పటమును జూడుఁడు. పెద్దల పటముల మూలప్రతులను దగ్గింపక రెండుచోట్ల భద్రపఱపుఁడు. పెద్ద సంఖ్యకై వెచ్చించు ధనముకంటె నీ చిన్న జాగ్రత్తయే మీ బిడ్డల కెక్కువ మేలు చేయును.