దయ్యానికి సమన్లు అందవు

కొండపల్లి నుండి మైలవరం మీదుగా తిరువూరు పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద లారీలకు కట్టిన నిమ్మకాయలు చూసి మన హేతువాద మిత్రులు నవ్వుతారు. మూఢనమ్మకమని తీర్పు చెప్పి చేతులు దులుపుకుంటారు. ఆ నవ్వు మీదనే నా అభ్యంతరం.

దయ్యాలు లేవు. పటమటలోని గోరాగారి నాస్తిక కేంద్రం 1947 నుండి ఆ మాట చెబుతూనే ఉంది. కాని మలుపు దగ్గర చచ్చినవాళ్లు ఉన్నారు. జనం చావులు లెక్కపెట్టి, కారణానికి తెల్లచీర కట్టారు. ప్రభుత్వానికీ అటువంటి లెక్కే ఉంది: జాతీయ రహదారిలో సుమారు 500 మీటర్ల మేర, మూడేళ్లలో 5 తీవ్ర ప్రమాదాలో 10 మరణాలో జరిగితే అది 'బ్లాక్ స్పాట్'. 2022లో దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. ఇందరినీ ఏ దయ్యం తిన్నది?

దయ్యం వల్ల లాభం ఎవరికి? 2019 సవరణ మోటారు వాహనాల చట్టంలో 198-ఎ సెక్షను చేర్చింది. రోడ్డు నిర్మాణలోపం వల్ల ప్రాణం పోతే బాధ్యుడైన కాంట్రాక్టరుకో అధికారికో లక్ష రూపాయల వరకు జరిమానా. ప్రాణం ఖరీదు అంతేనా? దయ్యం ఆ లక్షను కూడా తప్పిస్తున్నది. దానికి సమన్లు అందవు గదా! డ్రైవరుకు నిద్రలేకుండా బండి తోలించే యజమాని కూడా దాని చాటునే నిలబడతాడు.

విద్యార్థి మిత్రులారా! దయ్యం కథ చెప్పేవారిని వెక్కిరించకండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చచ్చారో అడిగి రాసుకోండి. పోలీసు రికార్డుతో సరిచూడండి. ఆ జాబితాతో రోడ్డు అధికారిని నిలదీయండి.