అచ్చు వేసే ముందు కొలవండి

మీ బడిలో ఒక వ్యాయామ పత్రిక తేవాలనుకుంటున్నారా? మంచి ఆలోచన. తిరుపతిలోనూ చిత్తూరులోనూ ప్రెస్సులకు కొదవ లేదు. ఉత్సాహం మీ దగ్గర ఎలాగూ ఉంది. మరి పని ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది ముఖచిత్రంతో మొదలుపెడతారు. పైన కండలు తిరిగిన నటుడి బొమ్మ, లోపల ఎక్కడో చదివిన "పది రోజుల్లో బరువు తగ్గండి" వంటి సలహాలు! నా అభిప్రాయం వేరు. ముందుగా కావలసినవి నాలుగు తెల్లకాగితాలు, ఒక క్యాలెండరు, ఒక గడియారం.

కాగితాల సంగతి చూద్దాం. నాలుగు ఎ4 కాగితాలను ఒకదానిపై ఒకటి పెట్టి మధ్యకు మడవండి. 16 పేజీల పుస్తకం అవుతుంది. పేజీలకు వరుసగా అంకెలు వేసి, విప్పి చూడండి. 1 పక్కన 16, 2 పక్కన 15, 3 పక్కన 14 ఉంటాయి. ఏ జంటను కూడినా 17 వస్తుంది! ఇలాంటి నమూనా పుస్తకాన్ని ప్రెస్సులో డమ్మీ అంటారు. వ్యాసం ఒక్క పేజీ పెరిగినా ఇంకొక కాగితం చేర్చాలి, అంటే నాలుగు పేజీలు పెరుగుతాయి. అందుకే ఏ పేజీలో ఏముండాలో డమ్మీ మీద ముందే రాసుకోవాలి.

ఖర్చు కూడా లెక్కే. ఆఫ్‌సెట్ ముద్రణలో ప్లేట్ల ఖర్చు 100 ప్రతులకైనా 1,000 ప్రతులకైనా ఒకటే. నలుపు అక్షరాలకు ఒక రకం ప్లేటు చాలు. రంగుల బొమ్మకు నీలం, ఎరుపు, పసుపు, నలుపు ఛాయలకు విడివిడిగా నాలుగు కావాలి. కనుక రంగులు అట్టకే పరిమితం చేస్తే మేలు.

ఇక క్యాలెండరు. జాతీయ క్రీడా దినోత్సవమైన ఆగస్టు 29న పత్రిక విడుదల చేయాలనుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ముద్రణకూ పిన్నులు కొట్టడానికీ ఒక వారం, ప్రూఫులు దిద్దడానికి ఒక వారం, డి.టి.పి.కి ఒక వారం. అంటే ఆగస్టు 8కల్లా వ్యాసాలన్నీ సిద్ధం కావాలి. ఆ వ్యాసాలకు కావలసిన కొలతలు జూన్‌లో బడి తెరవగానే మొదలుపెట్టాలి.

ఏం కొలవాలి? ఇదే అసలు ప్రశ్న. మన కొండనే తీసుకోండి. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి. తిరుపతి కన్నా తిరుమల దాదాపు 700 మీటర్ల ఎత్తు. 40 కిలోల బరువున్న విద్యార్థి కొండ ఎక్కితే చేసిన పని ఎంత? ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు హెచ్చవేస్తే సుమారు 2,74,000 జౌళ్లు, అంటే 66 కిలోకాలరీలు. కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగోవంతే ఇలా పనిగా మారుతుంది. తక్కినదంతా వేడి అవుతుంది. అందుకే అంత చెమట పడుతుంది! ఆ లెక్కన 260 కిలోకాలరీలకు తక్కువ ఖర్చు కాదు. మీ బడి మెట్లు ఎక్కి, నాడి కొట్టుకోవడం లెక్కపెట్టండి. అది మామూలు స్థితికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. ఆరు వారాలు రోజూ ఆడాక మళ్ళీ కొలవండి. ఆ రెండు అంకెలు నటుడి బొమ్మకన్నా విలువైనవి. అవి మీవి, నిజమైనవి.

ఇంత పట్టుదల ఎందుకంటారా? అన్నమాచార్యుల కీర్తనలను సుమారు 500 ఏళ్ల క్రిందట రాగిరేకులపై చెక్కించారు. తిరుమలలో ఆ రేకులు నిలిచాయి గనుకనే 20వ శతాబ్దంలో అవి అచ్చు పుస్తకాలయ్యాయి. చెక్కిన అక్షరం, అచ్చయిన అక్షరం నిలిచిపోతాయి. వాటి బలం అదే, ప్రమాదమూ అదే. నోటిమాటను మర్నాడు సవరించుకోవచ్చు. 500 ఇళ్లకు చేరిన పత్రికను వెనక్కి పిలవలేం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 100కి 59 మందికి రక్తహీనత ఉంది. వాళ్లలో ఒకరు మీ పత్రికలో "రాత్రి భోజనం మానేయండి" అన్న సలహా చదివి పాటిస్తే? దానికి బాధ్యులెవరు? తిండి గురించి రాయాలంటే రాగిసంగటిలోని కాల్షియం గురించి, వేరుశనగల్లోని ప్రోటీన్ల గురించి రాయండి. రాసింది సైన్సు టీచరుకూ డ్రిల్లు మాస్టారుకూ చూపించండి. ఎవరి బరువునూ పేరుతో అచ్చువేయకండి, తరగతి సగటు చాలు. మైదానం చివర కూర్చుని చూసే స్నేహితుణ్ణి మీ పత్రిక నవ్వులపాలు చేయకూడదు, ఆటలోకి పిలవాలి.

ప్రూఫులు దిద్దేటప్పుడు అక్షరాలను ఒకసారి, అంకెలను రెండుసార్లు చూడండి. ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు దిద్దండి. పత్రిక పదహారు పేజీలదే కావచ్చు. అందులోని ప్రతి అంకెకూ "ఇది మేం కొలిచాం" అని మీరు చెప్పగలిగితే, అది మంచి వ్యాయామ పత్రికే కాదు, మంచి సైన్సు పత్రిక కూడా. మరి ఈరోజే నాలుగు కాగితాలు మడుస్తారా?