ఏసీ కంటే ముందు సున్నం

గృహనిర్మాణ శాఖ మంత్రి శ్రీ పొంగులేటి శ్రీనివాసరెడ్డి గారికి,

మాది బయ్యారం.

మా ఊరి పేరు చూడగానే ఉక్కు ఫ్యాక్టరీ గురించే రాశామనుకుంటారు. 2014 విభజన చట్టంలో పరిశీలిస్తామన్న ఆ ఫ్యాక్టరీ కోసం ఎన్నో ఉత్తరాలు వెళ్లాయి, ఇంకా వెళ్తాయి. ఇది మాత్రం ఇంటి కప్పు గురించి. 2016 దాకా మనది ఒకే ఖమ్మం జిల్లా. మా మే నెల ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

గూనపెంకుల ఇళ్లలో వేడి సందుల్లోంచి పైకి పోయేది. వాటిని పీకేసి కొందరం సిమెంటు రేకులు వేసుకున్నం, కొందరం స్లాబ్ పోసుకున్నం. రేకు మధ్యాహ్నం కాలుస్తుంది. స్లాబ్ పగలంతా ఎండను దాచుకుని, రాత్రి మనం పడుకున్నాక కిందికి వదులుతుంది. అందుకే ఇప్పుడు మా బజార్లలోనూ ఏసీలు కనిపిస్తున్నాయి.

ఏసీ చేసేది మోటారు పనే. బావిలోంచి నీళ్లు తోడినట్టు గదిలోంచి వేడిని తోడి బయట పోస్తుంది. చలి దేశాల్లో అదే యంత్రాన్ని తిప్పి, బయటి వేడిని ఇంట్లోకి తోడుకుంటారు. ఎటు తోడినా కరెంటు కాలాల్సిందే. గంటకు ఒక్క యూనిట్ లెక్కేసినా, రాత్రి ఎనిమిది గంటలు నడిపితే నెలకు 240 యూనిట్లు. గృహజ్యోతి ఉచిత కరెంటుకు పెట్టిన 200 యూనిట్ల గీత అక్కడే దాటిపోతుంది. గండి పూడ్చకుండా మోటారు పెట్టి నీళ్లు తోడితే ఎంతసేపు తోడాలి? మా ఇంటి గండి నడినెత్తిన ఉంది.

దానికి మందు మీ ప్రభుత్వం దగ్గరే ఉంది. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లపూతో, తెల్ల టైల్సో పైకప్పు మీద వేయాలన్నది దాని సారం. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌వే. ఇళ్ల విషయానికొస్తే, 600 గజాలు దాటిన స్థలంలో కట్టేవాళ్లకు తప్పనిసరి, మిగతావాళ్లకు వాళ్ల ఇష్టం. బయ్యారంలో 600 గజాల ఇంటి స్థలం ఎవరికుంది? పెద్ద స్థలం ఉన్నోళ్లకు నియమం, వేడికి ఎక్కువగా ఉడికేటోళ్లకు ఇష్టం!

ఇందిరమ్మ ఇంటికి మీరు అయిదు లక్షలు ఇస్తున్నారు. కనీసం 400, గరిష్ఠంగా 600 చదరపు అడుగులు. విధానం వచ్చినప్పుడు పూతకు చెప్పిన లెక్క చదరపు మీటరుకు 300 రూపాయలు. అంటే ఇంటికి పదకొండు వేల నుంచి పదిహేడు వేల దాకా, మీరిచ్చే దాంట్లో నూటికి రెండు మూడు రూపాయలు. దీన్ని లబ్ధిదారు నెత్తిన వేయకుండా, చివరి విడతలో విడిగా కలిపి ఇవ్వండి. పూత పడ్డాకే ఇల్లు పూర్తయినట్టు రాయండి.

పాత ఇళ్లను మరవొద్దు. ఏటా ఫిబ్రవరిలో, ఎండ ముదరకముందే, పంచాయతీల ద్వారా రేకుల ఇళ్లకు పూత వేయించండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. గీకితే లేచే పొడి ఊపిరితిత్తులకు ముప్పు. అందుకే ఆ పని తెలిసినోళ్లతోనే చేయించాలి. దుమ్ము పేరుకుంటే పూత పనితనం తగ్గుతుంది, మళ్లీ కొట్టాల్సిందే. ఇంటికి సున్నం కొట్టడం మాకు కొత్తేమీ కాదు. పండగొస్తే గోడలకు కొట్టుకునేటోళ్లమే, ఇప్పుడు నిచ్చెన ఇంకో నాలుగు మెట్లు ఎక్కాలి.

కిందటేడు మా స్లాబ్‌కు సున్నం కొట్టించాం. ఏసీ ఇచ్చేంత చల్లదనం వచ్చిందని అబద్ధం చెప్పను. కానీ మే నెల మధ్యాహ్నం వడియాలు తీయడానికి మా ఇంటావిడ చెప్పుల్లేకుండా డాబా ఎక్కింది. ఆ మాత్రం రేకుల కింద పడుకునేటోళ్లకూ దక్కాలనే ఈ ఉత్తరం.

ఇట్లు,
బయ్యారం గ్రామస్థుడు,
మహబూబాబాద్ జిల్లా