సుగ్గికి పోయే ఇంటి పెట్టె – తాళం ఎవరి దగ్గర?

దేవరగట్టు బన్ని ముగిసి, కర్రల దెబ్బలు తిన్నవాళ్ళ కట్లు ఇంకా విప్పకముందే మా హొళగుంద మండలంలో ఇళ్ళకు తాళాలు పడడం మొదలవుతుంది. దీపావళి నాటికి కొన్ని వీధుల్లో ముసలివాళ్ళు, కుక్కలు తప్ప ఎవరూ మిగలరు. గుంటూరు వైపు పత్తికి, మిరపకాయలకు, బెంగుళూరుకు కట్టుబడి పనులకు జనం లారీల్లో, ఆటోల్లో తరలిపోతారు. దీన్ని మా వైపు ‘సుగ్గికి పోవడం’ అంటారు. తిరిగి వచ్చేది ఉగాదికి. ఈ ప్రయాణంలో ప్రతి ఇంటి సామానులోనూ నాకు కనిపించేవి మూడు: జొన్నల మూట, పరుపు చుట్ట, ఒక రేకు పెట్టె.

ఆ రేకు పెట్టె గురించి రాయాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను.

మూడేళ్ళ కిందట మా సంఘంలోని ఒక స్త్రీ (పేరు చెప్పను) మిరప చేలో వేసుకున్న గుడిసె మధ్యాహ్నం పూట అంటుకుంది. అందరూ కోతలో ఉన్నారు. ప్రాణాలు పోలేదు, అదే మేలు. గడ్డి గుడిసె కాలడానికి ఎంతసేపు? పరుగెత్తి వచ్చేసరికి నిట్రాళ్ళు పొగలు కక్కుతున్నాయి. రేకు పెట్టె మాత్రం బూడిదలో నల్లబడి, తాళం వేసినట్టే ఉంది. ‘పెట్టె మిగిలిందిలే’ అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆరిన తర్వాత తాళం పగలగొట్టి చూస్తే లోపల కాగితాలన్నీ మసిబొగ్గులు. చేతితో తాకితే పొడిపొడి అయిపోయాయి. పట్టాదారు పాసు పుస్తకం, తండ్రి తెల్ల కాగితం మీద కొన్న ఎకరా నేల రాతకోతలు, జాబ్ కార్డు, పొదుపు పుస్తకం, కూతురి పదో తరగతి మార్కుల జాబితా, పెళ్ళినాటి ఒకే ఒక్క ఫోటో. ఉగాదికి ఊరొచ్చి నాతో అన్న మాట ఇది: “అక్కా, గుడిసె పోతే ఇంకోటి ఏసుకుంటాం. కాగితాలు కాలిపోయినంక మేం ఈ ఊరోళ్ళమేనని ఎవురికి జెప్పుకోవాల?”

ఆమెతో నేను తిరిగిన ఆఫీసుల సంగతి ఇక్కడ అనవసరం. ‘పోయిన కాగితం నెంబరు చెప్పండి’ అన్నవాళ్ళే ఎక్కువ. నెంబరు ఉండేది ఆ పోయిన కాగితం మీదే గదా!

నిప్పుకు తట్టుకునే పెట్టె ఏదైనా దొరుకుతుందా అని కర్నూలులో ఇనప బీరువాలమ్మే ఒక కొట్టుకు వెళ్ళాను. కొట్టతను మనిషెత్తు బీరువా ఒకటి చూపించి, “ఇది నిప్పుకు కూడా ఆగుతుందమ్మా. లైసెన్సు తుపాకులున్నవాళ్ళు తీసుకుంటారు” అన్నాడు. సంఘం ఆడవాళ్ళకు అంటే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి బస్సులో వస్తూ ఆలోచించాను, ఈ రెండు ఇళ్ళకూ ఎంత తేడా అని.

రాయలసీమలో తుపాకీ ఎవరింట్లో ఉంటుందో చదువరులకు చెప్పనక్కరలేదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. 2016 నాటి నిబంధనల ప్రకారం లైసెన్సు అడిగేవాడు ఆయుధాన్ని భద్రంగా దాచుకుంటానని రాసివ్వాలి. ఇల్లు మారితే తెలియజేయాలి. ఎన్నికలొస్తే ఆ తుపాకులను పోలీసు స్టేషన్లలో అప్పగించమంటారు, రసీదు ఇస్తారు, ఎన్నికలయ్యాక తిరిగి ఇస్తారు. ఆయుధం వల్ల జరిగే కీడు పెద్దది కనుక ఇవన్నీ అవసరమే. అటువంటి ఇంటి స్త్రీలకు నేను చెప్పేది కూడా ఇదే: తుపాకీ, తూటాలు వేరువేరుగా, తాళాల్లో ఉండాలని పట్టుబట్టండి. ఇంట్లో కోపం వచ్చినప్పుడు చేతికందే చోట ఆయుధం ఉండడమంత ప్రమాదం స్త్రీకి వేరే లేదు.

అయితే నా ప్రశ్న ఇది. కొన్ని వారాల ఎన్నికల కోసం తుపాకీని దాచిపెట్టే చోటు, రసీదు ఇచ్చే పద్ధతి ప్రభుత్వానికి ఉన్నాయి. ఐదారు నెలలు ఊరు విడిచే కూలి ఇంటి కాగితాలను దాచిపెట్టే చోటు మా మండలంలో ఎక్కడుంది?

ముందు ఆ పెట్టె సంగతే వివరంగా చెబుతాను, మోసపోకుండా ఉండడానికి. ఇనుము కాలదు, కానీ వేడిని ఆపదు. వేడిని వెంటనే లోపలికి పంపిస్తుంది. అందుకే రేకు పెట్టెలో కాగితం మంట తగలకుండానే మాడిపోతుంది. నిప్పుకు ఆగే పెట్టెల గోడలు రెండు పొరలుగా ఉంటాయి. మధ్యలో జిప్సం లాంటి పదార్థమో, ప్రత్యేకమైన కాంక్రీటో నింపుతారు. జిప్సం బరువులో ఐదో వంతు నీరే. ఆ నీరు కంటికి కనబడదు, పదార్థంలో కలిసి ఉంటుంది. వేడి తగిలినప్పుడు ఆవిరై బయటికి వస్తూ, ఆ వేడిని తానే తీసుకుంటుంది. నీరు ఉన్నంతసేపూ లోపల చల్లగా ఉంటుంది. నీరు అయిపోతే రక్షణ కూడా అయిపోతుంది. కాబట్టి ‘నిప్పుకు ఆగుతుంది’ అన్న మాట ఒక్కటే చాలదు. ఎంతసేపు ఆగుతుంది, లోపల ఎంత వేడి దాటదు అని అడగాలి. కాగితాల కోసం చేసే పరీక్షలో అరగంట, గంట, రెండు గంటలు అని తరగతులుంటాయి. అంతసేపూ లోపలి వేడి 177 డిగ్రీల సెంటీగ్రేడు దాటకూడదు. ఆ చీటీ లేని పెట్టెకు ఎక్కువ డబ్బు పెట్టవద్దు.

ఇంకో రెండు ఇబ్బందులు కొట్టతను చెప్పడు. ఒకటి, ఆ గోడల వల్ల పెట్టె లోపల చెమ్మ చేరుతుంది. తుపాకీ అయితే తుప్పు పడుతుంది, కాగితమైతే బూజు పడుతుంది. అప్పుడప్పుడు తెరిచి గాలి తగలనివ్వాలి. రెండు, 177 డిగ్రీలకు కాగితం నిలుస్తుంది గాని ప్లాస్టిక్ నిలవదు. ప్లాస్టిక్ కవరు కరిగి కాగితానికి అంటుకుపోతుంది. అందుకని అసలు పత్రాలకు లామినేషన్ చేయించకండి. కాగితపు కవర్లలో పెట్టి, మీద నూలు గుడ్డ చుట్టండి.

ఇక బరువు. మనిషెత్తు తుపాకీ బీరువా ఖాళీగానే క్వింటాలు దాటుతుంది, దాన్ని గోడకో నేలకో బిగించాలి. ఏడాదికి రెండుసార్లు లారీ ఎక్కే ఇల్లు దాన్నేం చేసుకుంటుంది? కాగితాలకే చేసిన చిన్న పెట్టెలున్నాయి. అవి కూడా ఐదారు కిలోలకు తగ్గవు. చంకలో బిడ్డ, నెత్తిన మూట ఉన్న మనిషికి ఐదు కిలోలు తక్కువ బరువు కాదు. మంట ఆపే గుడ్డ సంచులు కూడా వస్తున్నాయి. అవి తేలిక, కానీ వేడిని ఎక్కువసేపు ఆపలేవు. అంటే, గట్టిగా కాపాడేది మోయలేం, మోయగలిగేది గట్టిగా కాపాడదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: సుగ్గికి పోయే ఇల్లు అసలు పత్రాలను వెంట తీసుకుపోకూడదు. నిప్పుకు ఆగే పెట్టె ఇంటింటికీ కాదు, ఊరికొకటి కావాలి. అది కదలకూడదు. సంఘం గదిలోనో, మండల సమాఖ్య భవనంలోనో గోడకు బిగించి ఉండాలి. బయలుదేరే ముందు ఒక్కో ఇంటి స్త్రీ తన కవరు సీలు వేసి అప్పగించాలి. ఏమేం ఇచ్చిందో రాసిన రసీదు ఆమె చేతికి రావాలి. ఆధార్, రేషన్ కార్డు లాంటివి వెంట తీసుకుపోవచ్చు, అవి ఎలాగూ కావాలి. చేల దగ్గర వాటిని ఉంచడానికి మన పెద్దలు చూపిన దారే ఉంది. జొన్నలను పాతరలో దాచుకున్న సీమ మనది. గడ్డి మంట పైకి లేస్తుంది, నేలలోకి దిగదు. పొయ్యికి దూరంగా, గుడిసె బయట, నీరు నిలవని చోట మూరెడు లోతు గుంటలో రేకు పెట్టె పెట్టి, పైన రేకు, దానిపైన మట్టి కప్పితే చాలు. ఖర్చు లేని పద్ధతి. చెమ్మ పట్టకుండా వారానికోసారి తీసి చూసుకోవాలి.

‘అసలు రికార్డు ఆఫీసులో ఉంటుంది గదా’ అంటారు కొందరు. రిజిస్టరైన దస్తావేజుకు నకలు రిజిస్ట్రేషన్ ఆఫీసులో దొరుకుతుంది, నిజమే. సుగ్గికి పోయేముందే ఆ నకలు తీయించుకోవాలని కూడా చెబుతాను. కానీ తెల్ల కాగితం మీద కొన్న నేలకు నకలు ఎక్కడుంది? ఉన్న ఒక్క కాగితమే దానికి దిక్కు. ఆఫీసులు మాత్రం కాలవా? 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో ఫైళ్ళు కాలిపోయిన సంగతి మరిచిపోయామా? 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగినప్పుడు ఇళ్ళలో ఎన్ని కాగితాలు నీళ్ళపాలయ్యాయో ఈ జిల్లా వాళ్ళకు గుర్తే. ఫోనులో దాచుకోవచ్చంటారు. మంచిదే, డిజిలాకర్ 2015 నుంచి ఉంది. కానీ ఆ ఫోను ఇంట్లో ఎవరి జేబులో ఉంటుంది?

అసలు విషయం ఇక్కడికే వస్తుంది. మా వైపు ఇంటి తాళం ఆడదాని కొంగుకు ఉంటుంది. కాగితాల పెట్టె తాళం మగవాడి మొలతాడుకు ఉంటుంది. పెట్టె ఎంత గట్టిదైతే అంత గట్టిగా ఆమెను బయట ఉంచుతుంది. నిప్పు నుంచి కాపాడిన కాగితాలను అప్పులవాడి దగ్గరో, మేస్త్రీ దగ్గరో కుదువ పెట్టిన భర్తలను నేను చూశాను. భార్యను వదిలేసిన రోజు పెట్టెకు తాళం మార్చినవాళ్ళనూ చూశాను. భరణం అడగాలన్నా, బిడ్డను బడిలో చేర్చాలన్నా ఆమెకు కావలసినవి ఆ పెట్టెలోనే ఉంటాయి. స్త్రీధనం పూర్తిగా స్త్రీదే, భర్త దాన్ని కాజేస్తే నమ్మకద్రోహం నేరమవుతుందని సుప్రీం కోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. ఆ సంవత్సరం నుంచే వర్తించేలా మన రాష్ట్రం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ 1986లో చట్టం చేసింది. 2005 గృహహింస చట్టం కింద ఆమె స్త్రీధనాన్ని, విలువైన పత్రాలను తిరిగి ఇప్పించే అధికారం మెజిస్ట్రేటుకు ఉంది. ఇన్ని చట్టాలున్నా, వాటా ఉందని చూపే కాగితం ఆమె చేతికి అందకపోతే ఏం ప్రయోజనం?

అందుకే సంఘం పెట్టెకు రెండు తాళాలుండాలి, రెండూ స్త్రీల దగ్గరే, ఇద్దరు వేరువేరు ఇళ్ళవాళ్ళ దగ్గర ఉండాలి. కవరు అప్పగించిన స్త్రీ వస్తేనే ఇవ్వాలి. భర్త వచ్చి అడిగితే రసీదు అడగాలి. దీని మీద గొడవలొస్తాయని తెలుసు. గొడవ రాకుండా దొరికిన హక్కు ఏది?

‘వలసే లేకుండా చేయమని పోరాడక పెట్టెల గురించి రాస్తారేమిటి’ అని మన మిత్రులే అడగవచ్చు. ఆ పోరాటం వదలమని ఎవరన్నారు? హొళగుంద చేలకు నీళ్ళు రావాలి, ఊళ్ళోనే పని దొరకాలి. కానీ ఆ పోరాటంలో కూడా, ఈ నేల నాది, ఈ ఊరు నాది అని చూపవలసి వచ్చినప్పుడు కాగితమే అడుగుతారు. కాగితం కాలిపోయిన మనిషి పోరాటంలో వెనక వరసలో నిలబడవలసి వస్తుంది.

కోసిగి, మంత్రాలయం, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు వైపు పనిచేసే కార్యకర్తలకు, సంస్థలకు నా విన్నపం ఒకటే. శిక్షణ శిబిరాలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించైనా, వచ్చే దసరాలోగా మీ ఊరి సంఘానికి ఒక పెట్టె కొనండి. మా సంఘం నిరుడు ఒకటి కొన్నది, అరగంట తరగతిది. దాన్ని గోడకు బిగించాం. మొదటి ఏడాది పదకొండు మంది కవర్లు ఇచ్చారు. వారిలో గుడిసె కాలిన ఆమె కూడా ఉంది. కవరులో ఏముందని అడిగాను. ఆఫీసుల చుట్టూ తిరిగి సంపాదించిన పాసు పుస్తకం, కూతురి మార్కుల జాబితా నకలు. తెల్ల కాగితం మాత్రం లేదు. ఆ ఎకరం గురించి ఇంకా తిరుగుతూనే ఉన్నాం.