బోసు అన్న పేరున్న కుర్రాళ్లకు

చిరంజీవులు బోసులకు, వాళ్ల వెనకే నిలబడ్డ నెహ్రూలకు, తిలక్‌లకు ఆశీస్సులు.

మీలో ఒకరిద్దరు ఈమధ్య నాతో అన్న మాట మీదే ఈ ఉత్తరం. "మాస్టారూ, ఈ పేరుతో వేగలేకపోతున్నాం. బెంగళూరు ఆఫీసులో బెంగాలీవాడివా అంటారు, అమెరికా వెళితే హెడ్‌ఫోన్ల కంపెనీ మీదేనా అంటారు. మార్చేసుకుంటాం" అని. మార్చుకుంటే మార్చుకోండి, కాదనను. ఈలోగా ఆ పేరు ఏ ఇంటిదో వినండి.

ఊరికే అనడం లేదు, అది నిజంగా ఇంటిపేరే. బెంగాల్ కాయస్థులది. మూలం వసు. అష్టవసువులు తెలుసుగా, భీష్ముడు వాళ్లలో ఒకడు. ఆ వసువే. సంపద అనీ, వెలుగు అనీ అర్థాలు. మీ ఇంట్లో వసుధో వసుంధరో ఉంటే పేరు వరసన కూడా మీకు చుట్టమే. బెంగాలీల నోట వకారం బకారమవుతుంది, అకారం ఒకారం వైపు జరుగుతుంది, సకారం శకారమవుతుంది. అలా వసు కాస్తా బొశు అయింది. రోజువారీ మాటలో ఇంకా అరిగి బోశ్ అయింది. ఇంగ్లీషు స్పెల్లింగెక్కి మన పత్రికల్లో బోస్‌గా దిగింది. 1977 నుంచి 2000 దాకా బెంగాల్ ముఖ్యమంత్రిగా ఉన్న జ్యోతిబసు ఇంటిపేరూ ఇదే, పలుకుబడే వేరు. మన ఊళ్లో హల్లు దగ్గర ఆగడం అలవాటు లేక "ఒరేయ్ బోసూ" అన్నాం. అక్కడ అరిగిపోయిన ఉకారం ఇక్కడ మళ్లీ మొలిచింది. (పళ్లూడే వయసులో బోసినోరు అని మిమ్మల్ని ఏడిపించడం వేరే సంగతి.)

సుభాష్ చంద్రుడు తన వంశం సంగతి స్వీయచరిత్రలో రాసుకున్నాడు. మూలపురుషుడు దశరథ బోసు, అప్పటినుంచి సుమారు 27 తరాలు, కలకత్తాకు దక్షిణాన మహీనగర్ అనే ఊరు. 1897 జనవరి 23న ఆయన కటక్‌లో పుట్టేనాటికి తండ్రి జానకీనాథ్ అక్కడ ప్లీడరు. 1924లో ఐన్‌స్టీన్‌కు తన పరిశోధన పంపిన సత్యేంద్రనాథుడూ బోసే. 'బోసాన్' అన్న కణాల పేరు ఆయన ఇంటిపేరులోంచి వచ్చింది. మీ హెడ్‌ఫోన్ల కంపెనీని 1964లో పెట్టిన అమర్ బోస్ తండ్రి బ్రిటిషువాళ్లతో తగాదా పడి అమెరికా చేరిన బెంగాలీ. కాబట్టి ఆఫీసులో అడిగినవాళ్లది మరీ తెలివితక్కువ ప్రశ్నేం కాదు.

ఇంతకీ అది మన పిల్లలకు పేరెలా అయింది? నాకు తోచింది చెబుతాను. మనకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు చివర. టంగుటూరి ప్రకాశం మీద అభిమానమున్నవాళ్లు కొడుక్కి ప్రకాశం అని పెట్టుకున్నారు గాని టంగుటూరి అని పెట్టలేదు. పొట్టి శ్రీరాములు మీద ఎంత భక్తి ఉన్నా పిల్లాడికి పొట్టి అని ఎవరు పెడతారు? ఆ అలవాటుతోనే సుభాష్ చంద్రబోస్ అని చదివితే మనిషి పేరు ఉండాల్సిన చోట బోస్ కనబడింది, పెట్టేసుకున్నాం. అక్కడ సుభాష్ చంద్ర ఒక ముక్క, బోస్ ఒక ముక్క. మనం చంద్రాన్ని అక్కణ్ణుంచి ఊడదీసి బోసుకు అతికించాం. 'నాటు నాటు' రాసి 2023లో ఆస్కార్ అందుకున్న కవిని లోకమంతా చంద్రబోస్ అనే ఒక్క మాటగా పిలుస్తోంది. ఆయన పూర్తి పేరులో కనుకుంట్ల ముందుంది, సుభాష్ ఉంది.

బళ్లో చేర్పించే రోజుల్లో అడ్మిషన్ రిజిస్టరు రాసింది నేనే. ముందు ఒక అక్షరం, చుక్క, ఆ తర్వాత గడి నిండా సుభాష్ చంద్రబోస్. గడి చాలకపోతే చివరి రెండక్షరాలు కింద ఇరికించేవాణ్ణి. "బోస్ వదిలేయకండి మాస్టారూ" అంటూ నా భుజం మీంచి తొంగిచూసిన తండ్రులున్నారు. సొంత ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించినా పట్టించుకోనివాళ్లు మహీనగర్ వాళ్ల ఇంటిపేరులో ఒక్క అక్షరం తగ్గనివ్వలేదు. నాకు ఆ పట్టుదల ముచ్చటేసేది, ఇప్పటికీ వేస్తుంది.

తిలక్‌ల సంగతీ ఇంతే. లోకమాన్యుడు 1920 ఆగస్టు 1న పోతే, సరిగ్గా ఏడాదికి తణుకు దగ్గర మండపాకలో పుట్టిన పిల్లాడికి బాలగంగాధర తిలక్ అని పెట్టారు. దేవరకొండ వారబ్బాయి, పెద్దయ్యాక కవి. నెహ్రూలు కాశ్మీరు కౌల్‌లు. ఢిల్లీలో కాలవ గట్టున ఇల్లుంటే, కాలవను నహర్ అంటారు గనక ఆ పేరు అతుక్కుంది. లెనిన్, స్టాలిన్ అయితే ఇంటిపేర్లు కూడా కావు, వాళ్లు పెట్టుకున్న మారుపేర్లు.

చివరగా పాస్‌పోర్టు మాట. ఇంటిపేరు గడిలో మీ ఇంటిపేరు పూర్తిగా రాయండి, పొడి అక్షరం వద్దు. సుభాష్ చంద్రబోస్ అంతా పేరు గడిలోకి పోవాలి. బద్ధకించి చివరి మాటను ఇంటిపేరు గడిలో పడేశారో, రేపు డల్లాస్‌లో పుట్టే మీ పాపకు బడివాళ్లు ఆ బోసునే ఇంటిపేరుగా రాసుకుంటారు. అప్పుడు బెంగాలీవా అని అడిగితే ఆ పిల్ల ఏం చెప్పుకుంటుంది?

ఇట్లు,
మీ తెలుగు మాస్టారు